గేటు మీద మా గుర్తు

జూన్ 3, మంగళవారం

ఆ రోజు నేను కల్యాణ మండపానికి చేతిలో ఉతికిన బట్టల మూట లేకుండా వెళ్ళాను. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెడని పంచె, భుజాన కొత్త తువ్వాలు. పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాను. అయినా వాచ్‌మన్ నన్ను చూడగానే "మూట ఎనక గేట్లో" అన్నాడు. మూటేదిరా అన్నాను. నా చేతులు చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ "ఎనక గేట్లో" అన్నాడు.

దేవరాజులన్న మద్రాసు వచ్చిన రోజు అది. ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ మైలాపూరులో ఆ మండపం ముందు నుంచి పోతే నా చేతులు నేను చూసుకుంటాను.

దేవరాజులన్న దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ ప్రభుత్వంతో కొట్లాడి దీవి జైల్లో ఏళ్ళ తరబడి ఉన్నవాడు. మా తాత తమ్ముడు మునెప్పకు మనవడు. నాకు అన్న వరస. మునెప్ప చెరకు తోటల కూలికి ఓడెక్కాడు. ఓడ దగ్గర గుమాస్తా పేరడిగితే మునెప్ప నాయుడు అన్నాడట. చాకలి అని చెబితే అక్కడ కూడా బట్టలే ఉతికిస్తారని భయం. మా అవ్వ చెప్పేది. తోక తగిలించుకున్నా అక్కడ బట్టలే ఉతికించారు.

ఆ తోక చూసి మైలాపూరు నాయుళ్ళ సంఘం అన్నను మావాడు మావాడు అని ఎత్తుకుంది. ఆయన పోయాక కల్యాణ మండపానికి ఆయన పేరు పెట్టింది. లోపల విగ్రహం, ఏటా జయంతి, దండ. మండపం మాత్రం వాళ్ళ పెళ్ళిళ్ళకే ఇస్తారు. ఆ పెళ్ళిళ్ళలో బల్లల మీద గుడ్డలు, తెరలు, పెళ్ళికూతురు కాలు నేల తగలకుండా దారిలో పరిచే నడపావడ, అన్నీ ఉతికేది మేము. వెనక గేట్లో ఇస్తాం, వెనక గేట్లో తెచ్చుకుంటాం.

ఈ రోజు ఒక పెయింటర్ నిచ్చెన వేసుకుని గేటు మీద గుర్తుకు రంగు పూస్తున్నాడు. ఈ నెల 29 ఆదివారం జయంతి. అడ్డంగా ఒక గీత, దాని మీద మూడు చుక్కలు. సంఘం ముద్ర అది. జెండా మీద అదే, రసీదు మీద అదే. అన్న జైలు చొక్కా కాలరు మీద ఉన్న గుర్తును ఫొటోలో చూసి దించుకున్నారు. గీత అంటే జైలు గోడ అట. చుక్కలు స్వేచ్ఛ, సమానత్వం, ఇంకొకటేదో. ఏటా మైకులో చెబుతారు.

అది మా ఇంటి చాకలి గుర్తు. గీత మా ముత్తాత ఉతికిన బండ. చుక్కలు ఆయన ముగ్గురు కొడుకులు. మూడో చుక్క మునెప్ప. నల్లజీడి రసంలో పుల్ల ముంచి బట్ట మూలన పెడితే బట్ట చిరిగేదాకా పోదు. ఊళ్ళోవాళ్ళ బట్టకైతే పైన మా గుర్తు, కింద ఆ ఇంటివాళ్ళది. కింద ఏమీ లేకపోతే అది మా సొంత బట్ట.

నాకు కోపం లేదు. సరణ్య తన ఆఫీసులో ఇచ్చిన డైరీ తెచ్చిచ్చింది, రాసుకో తాతా అని. కార్పొరేషన్ తెలుగు బడిలో నాలుగో క్లాసు దాకా చదివాను. అది ఊరికే పోకూడదని రాస్తున్నాను.

జూన్ 4, బుధవారం

నిన్న కోపం లేదని రాశాను. ఉంది.

జూన్ 6, శుక్రవారం

గిరి షూటింగు నుంచి తొందరగా వచ్చాడు, చేతిలో మిఠాయి పొట్లం. కోడంబాక్కంలో కాస్ట్యూములు చూసుకుని చూసుకుని నా కొడుక్కి సినిమావాళ్ళ నడక వచ్చింది.

"నైనా, సరణ్య పెళ్ళికి హాలు దొరికింది. ఆవణి నెలలో మనం పెట్టుకున్న ముహూర్తానికే. యాడో కాదు, దేవరాజులు మండపం."

కనకవల్లి వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది. మా ముసలిది అడిగిన మొదటి మాట: "ముందర గేటా?"

"పెళ్ళికూతురి అవ్వవి, ఎనక గేట్లో పోతావా?" అన్నాడు గిరి.

ముసలిది గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మిఠాయి నోట్లో పెడితే నమలడం మరిచిపోయింది.

"ఎట్టిచ్చినారు?" అన్నాను.

"అడిగినా. ఇచ్చినారు."

"ఎట్టడిగినావు?"

"నోటితో అడిగినా. నీకు అన్నిటికీ విసారణ."

నాకు ఒకటి తోచింది. వాళ్ళకు చివరికి తెలిసింది. అన్న ఎవరో, మేమెవరో తెలిసింది. సంఘం సెక్రటరీ గోపాలస్వామికి ముసలితనంలో బుద్ధి వచ్చింది. తప్పు దిద్దుకుంటున్నాడు, నోటితో ఒప్పుకోవడానికి సిగ్గుపడి మండపం ఇచ్చి ఒప్పుకుంటున్నాడు. మండపం నాకు అక్కర్లేదు. ఇచ్చారు కాబట్టి తీసుకుంటాం.

జూన్ 8, ఆదివారం

టి. నగర్ పోయాం. మనుషుల మీద మనుషులు. చీరల అంగట్లో కనకవల్లి కింద కూర్చుంది, ఇంక లేవదు. పెళ్ళికూతురికి రెండు చీరలు అయిపోయాయి. ముసలిదానికి ఒక్కటి కుదరలేదు.

"ఎర్రది తియ్యి బాబూ. గేటు కాడినుంచే కనపడాల."

నేను చెంగు వేళ్ళతో నలిపి చూశాను. "రంగు పోతాది. మొదటి ఉతుకుకే."

"ఉతకడానికి కొనడంలే. కట్టడానికి కొంటా ఉండా," అంది.

అంగడి కుర్రాళ్ళందరూ నవ్వారు. సరణ్య తమిళంలో వాళ్ళకేదో చెప్పి ఇంకా నవ్వించింది. నాకు తలనొప్పి. కాఫీ కూడా ఇప్పించలేదు.

జూన్ 10, మంగళవారం

బల్లల గుడ్డలు ఇచ్చిరావడానికి మండపానికి వెళ్ళాను. వెనక గేటే. మూట వంటింట్లో దించి, ఈసారి వెనక్కి తిరగకుండా లోపలికి నడిచాను. మా మండపం కదా ఇప్పుడు.

వరండా గోడ పొడుగునా అన్న బొమ్మలు ఉన్నాయి. పైన 'దేవరాజులు నాయుడు జీవిత ఘట్టాలు' అని రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను.

మొదటి బొమ్మలో అన్న తండ్రి చెరకు తోటలో తలపాగాతో, ఇంత మీసంతో జమీందారులాగ నిలబడ్డాడు. ఆయన డర్బన్‌లో తెల్లవాళ్ళ హోటలు దుప్పట్లు ఉతికేవాడు. మీసం సంగతి నాకు తెలియదు. సబ్బు నురగలో నిలబడి తలపాగా ఎవడు చుట్టుకుంటాడు.

తర్వాతది రైలు స్టేషను. తెల్లవాళ్ళు మాత్రమే పోయే వాకిలి. అన్న అందులోంచి పోతున్నాడు, కావాలనే. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి అప్పుడు. పోలీసులు వచ్చి పట్టుకుంటున్నారు. పోలీసుల మొహాలు సినిమా రౌడీల మొహాలు. ఈ వాకిలి దాటినందుకే ఆయనకు మొదటి జైలు. ఇక్కడ చాలాసేపు నిలబడ్డాను. పెయింటర్ వాకిలి బాగా వేశాడు.

ఆ తర్వాత ఇల్లు కూలగొట్టడం. ఈ పేట ఇంక తెల్లవాళ్ళకు అని చెప్పి అందరినీ లేపేశారట. బొమ్మలో ఇల్లు రెండంతస్తుల మేడ. చాకలివాడికి మేడ ఎక్కడిది.

దీవి జైలు బొమ్మ కింద 'ఆత్మగౌరవం కోసం నిరాహార దీక్ష' అని ఉంది. ఎందుకు చేశాడో రాయలేదు. వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

విడుదల బొమ్మ, ఓటు బొమ్మ బాగున్నాయి. ఓటు వరస పొడుగ్గా ఉంది, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకటే వరస. అందరూ నవ్వుతున్నారు. ఎండలో అంతసేపు నిలబడి ఎవరు నవ్వుతారు అనుకున్నాను. నవ్వుతారేమో.

చివరి బొమ్మ అన్న మద్రాసు రావడం. ఈ బొమ్మకు అసలు ఫొటో నేను చూశాను. అందులో అన్న ఎదుట ఒక చెయ్యి ఉంటుంది, తువ్వాలు అందిస్తూ. ఆ చెయ్యి నాది. బొమ్మలో నా చెయ్యి లేదు. ఆ చోట పూలకుండీ వేశారు.

జూన్ 11, బుధవారం

పూలకుండీ గురించి నిద్ర పట్టలేదు. రాసి పారేస్తే పడుతుందేమో.

ఆ రోజు ముందు గేట్లో రానివ్వకపోతే వెనక నుంచి వంటింట్లోకి వెళ్ళాను. అన్న అప్పుడే భోజనం చేసి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. పొడుగు మనిషి, తల నెరిసింది. చుట్టూ చూస్తున్నాడు తుడుచుకోవడానికి. నేను భుజం మీది తువ్వాలు ఇచ్చాను.

తుడుచుకుంటూ ఆగిపోయాడు. తువ్వాలు మూల వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇది యాడిది?" అన్నాడు. మా అవ్వ మాట్లాడినట్టు పాత మాటలు.

"మా ఇంటిది," అన్నాను.

ఆయన మెడ దగ్గర బొత్తాము విప్పి కాలరు తిప్పి చూపించాడు. ఖరీదైన చొక్కా. లోపల గీత, మూడు చుక్కలు. కింద ఏమీ లేదు.

"మా నాయన నేర్పినాడు," అన్నాడు. "జైల్లో చొక్కాలు అన్నీ కుప్ప పోస్తారు. ఎవడికి ఏది దొరికితే అది తొడుక్కోవాల. పొట్టోడికి పెద్దది, పెద్దోడికి పొట్టిది. నా చొక్కా నాకే కావాల అన్నా. అన్నం మానేసినా. నన్ను చూసి అందరూ మానేసినారు."

చొక్కా కోసం. ఉతికి, ఎవరిది వాళ్ళకు ఇవ్వడం కోసం. మా ఇంటివాడు కాకపోతే ఇంకెవడు ఆ పని చేస్తాడు.

నా చెయ్యి తువ్వాలుతో సహా పట్టుకున్నాడు. ఎవరో ఫొటో తీశారు. అప్పుడే గోపాలస్వామి వచ్చి "సార్, మీటింగుకు టైమయింది" అని భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు. అన్న తిరిగి చూసి, "రేపు మీ ఇంటికి వస్తా" అన్నాడు. తువ్వాలు ఆయన దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు కనకవల్లి వంజరం చేపల పులుసు చేసింది. గిరిని కొత్త ప్యాంటు వేసుకోమంది. ఆయన రాలేదు. ఉతికేవాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగాడట. వాళ్ళు ఊరెళ్ళారని సంఘంవాళ్ళు చెప్పారట. తర్వాత వంటమనిషి చెప్పాడు.

పులుసు మేమే తిన్నాం. బాగుంది.

జూన్ 14, శనివారం

గిరి శుభలేఖ నమూనా తెచ్చాడు. కనకవల్లికి చదువు రాదు, నా చేతికిచ్చి పైకి చదవమంది. చదివాను. వినాయకుడి శ్లోకం అయింది. తర్వాత నా పేరు. జ, నా, ర్ద, నం. దాని పక్కన ఇంకో మాట ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. జనార్దనం నాయుడు గారి మనుమరాలు.

"ఇదేందిరా?"

"అచ్చు తప్పు కాదు నైనా."

"నా పేరుకు తోక ఎవడు పెట్టినాడు?"

"నేనే. పెట్టకపోతే హాలు ఇయ్యరు."

"అయితే వాళ్ళకు మనమెవరో తెలీదా?"

"తెలిస్తే ఇస్తారా?" గిరి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "సెక్రటరీ నన్ను సినిమా ఆఫీసులో చూసినాడు, మూటతో చూళ్ళే. నువ్వు ఆయనకు ఇస్త్రీ బండి జనార్దనం. ఈ జనార్దనం నాయుడు ఇంకెవరో అనుకున్నాడు. అనుకోనీ. నీకేం పోయింది?"

వారం రోజులు నేనేమేమి అనుకున్నానో అవన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. బుద్ధి వచ్చింది అనుకున్నాను. తప్పు దిద్దుకుంటున్నాడు అనుకున్నాను.

"మునెప్ప తాత ఓడెక్కేటప్పుడు చేసిందే నేనూ చేసినా," అన్నాడు గిరి. "ఆయన చేస్తే గొప్ప కతలాగ చెప్తావు. నేను చేస్తే తప్పా?"

"వాడు సముద్రం దాటినాడు. నువ్వు వీధి కూడా దాటలే."

"నీ అన్న దాన్ని కోసి పారేసినాడా? జైల్లో గూడా నాయుడనే గదా రాసినారు?"

కార్డు చింపాను. మంచి మందం కార్డు, సరిగ్గా చిరగలేదు.

జూన్ 15, ఆదివారం

డాక్టరు గారి చొక్కా కాల్చాను. నా బండి మీద ఎప్పుడూ జరగలేదు. గిరే కారణం.

జూన్ 17, మంగళవారం

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. టీవీ ఒక్కటే మాట్లాడుతోంది.

పొద్దున కనకవల్లి నా ఎదురుగా కూర్చుని చీర మడతలు విప్పింది, మళ్ళీ మడిచింది. ఆ ఎర్ర చీర.

"కాపరానికి వచ్చినకాడినుంచి ఆ ఎనక గేటు కాడ తడి బట్టలు మోసినా," అంది. "చెప్పులు ఆడనే ఇడిసేదాన్ని. వాన పడితే ఆడనే నిలబడేదాన్ని. ఒక్క దినం ముందర నుంచి పోతా. పన్నీరు చల్లతారు, చందనం పెడతారు. అంతసేపు నువ్వు నోరు మూసుకో. తోకే గదా. పెళ్ళయినాక కోసేద్దాం."

నవ్వొచ్చింది. నవ్వలేదు.

"అబద్ధం పేరుతో పోతే నువ్వు పోయినట్టా?"

"కాళ్ళు నాయే గదా," అంది.

ఈ మనిషితో వాదించి గెలిచినవాడు లేడు.

జూన్ 19, గురువారం

వెళ్ళాను. ముందు గేటు. చేతిలో మూట లేదు.

వాచ్‌మన్ మారాడు. మాట మారలేదు. "పెద్దాయనా, మూట ఎనక..."

"మూట యాడుంది? కళ్ళు తెరిచి చూడప్పా," అని వాడి పక్కనుంచే పోయాను. వాడు నిజంగానే చూశాడు, ఏమీ కనపడక ఊరుకున్నాడు.

గోపాలస్వామి ఆఫీసు గదిలో ఉన్నాడు. మనిషి మర్యాదస్తుడే. నన్ను కూర్చోమన్నాడు కూడా. నేనే కూర్చోలేదు.

"ఏం జనార్దనం, తెరలు తెచ్చినావా?"

"పెళ్ళి సంగతి మాట్లాడాలని వచ్చినా. ఆవణి నెల పెళ్ళి. గిరి నా కొడుకు."

పెన్ను కింద పెట్టాడు. "ఏ గిరి? గిరి నాయుడా?"

"ఒట్టి గిరి."

కళ్ళజోడు తీశాడు. "నీ కొడుకు అబద్ధం చెప్పినాడని నువ్వే వచ్చి చెప్తా ఉండావా?"

"వాడు చెప్పింది వాడితో. నేను చెప్పేది నాది. మేం చాకలోళ్ళం. దేవరాజులు మా అన్న. మా అన్న పేరుండే మండపం మా పిల్ల పెళ్ళికి ఇయ్యండి, మా పేరు మీదనే ఇయ్యండి."

నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పిల్లవాడు ఏదో అంటే నవ్వినట్టు. అది ఇంకా మండింది నాకు. "దేవరాజులు నాయుడు మీ అన్నా? ప్రూఫ్ ఏమన్నా ఉండాదా?"

"గేటు మీద ఉండాది," అన్నాను. భుజం మీది తువ్వాలు తీసి మూల ఆయన బల్ల మీద పరిచాను. గీత, మూడు చుక్కలు. దాని పక్కనే సంఘం రసీదు పుస్తకం.

అది చూశాడు, ఇది చూశాడు. "ఇప్పుడు ఏసుకొచ్చినావా దీన్ని?"

"ఆ తెర మూల చూడండి. ఈ బల్ల గుడ్డ మూల చూడండి. పైన ఉండేది మా గుర్తు, కింద ఉండేది మీది. ఎన్ని సంవత్సరాలుగా ఉండాదో చూడండి. మీ చొక్కా కాలరు లోపల కూడా ఉండాది."

చూడలేదు. చెయ్యి మాత్రం కాలరు దగ్గరికి పోయింది.

"సంఘం రూలు, బైలా అని ఒకటి ఉండాది జనార్దనం," అన్నాడు. "కమిటీలో పెట్టాల. చూద్దాం."

చూద్దాం అంటే లేదని. అరవై ఏళ్ళుగా ఆ మాట వింటున్నాను.

జూన్ 20, శుక్రవారం

గిరి నాతో ఒక్క మాట అన్నాడు: "తృప్తా?" తృప్తే.

జూన్ 22, ఆదివారం

తృప్తి కాదు.

ఇస్త్రీ బండి దగ్గరికి కారు వచ్చి ఆగింది. గోపాలస్వామి దిగాడు. వీధిలో అందరూ చూస్తున్నారు. చొక్కా కొత్తది, ఉతుకు తగలనిది. కాలరు లోపల ఏమీ ఉండదు దానికి.

"జనార్దనం, ఒకటి అడగతా, నిజం చెప్పు. ఆయన వచ్చిన దినం పెరట్లో తువ్వాలు ఇచ్చింది నువ్వేనా?"

"ఆ పక్కన నిలబడింది తమరేనా?" అన్నాను.

తల వంచుకున్నాడు. తర్వాత చెప్పాడు. అన్న మనవరాలు జయంతికి వస్తోందట, దక్షిణాఫ్రికా నుంచి. తాత పోయేదాకా దాచుకున్న ఒక తువ్వాలు తెస్తోందట. మద్రాసులో మా మనుషులు ఇచ్చింది అని చెప్పేవాడట తాత. ఆ పిల్ల ఫోన్లో అడిగిందట, ఆ మనుషులు ఉన్నారా అని.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను.

"ఇప్పుడు నేను చెప్పేది విను," అన్నాడు. "హాలు నీదే. కార్డులో ఉండేది ఉన్నట్టే ఉండనీ. గిరి నాయుడు కూతురు. జయంతికి ముందు వరసలో నీకొక కుర్చీ, మీ ఆడోళ్ళకొక కుర్చీ. ఆ పిల్లతో కూర్చో, ఫొటో తీసుకో. బంధువులని నేనే మైకులో చెప్తా. మన నాయుళ్ళ బంధువులని. ఆ గుర్తు సంగతి, ఉతుకుడు సంగతి ఒక్కటి ఎత్తొద్దు. ఇంతకాలం ఒక మాదిరి చెప్పుకుంటా వచ్చినాం. అదంతా ఇప్పుడు యాడ మారుస్తాం?"

ముందు గేటు. ముందు వరస. ఎర్ర చీర. అన్న మనవరాలు. అన్నీ ఒక్క కారులో వచ్చాయి. ఒక్క మాట మింగితే చాలు.

"ఆలోచిస్తా," అన్నాను.

ఆలోచించడానికి ఏముంది. అయినా అన్నాను. ఛీ.

జూన్ 23, సోమవారం

ఆలోచిస్తున్నాను.

జూన్ 24, మంగళవారం

వాచ్‌మన్ సంఘం జెండా తెచ్చి పడేసి పోయాడు. ఏటా జయంతి ముందు వస్తుంది. తెల్ల పట్టు, వేదిక మీద విగ్రహం వెనక కట్టేది, నిలువెత్తు మనిషి అంత. "శనివారం కావాలంట," అన్నాడు.

చల్లనీళ్ళలో జాడించి నీడలో ఆరేశాను. సాయంత్రం తడి పూర్తిగా పోకముందే తిరగేసి ఇస్త్రీ పెట్టాను. పట్టుకు అంతే, ఎండితే ముడత పోదు. నడి మధ్యలో నల్ల దారంతో కుట్టిన గుర్తు. గీత, మూడు చుక్కలు.

ఇన్నేళ్ళు ఇస్త్రీ చేశాను దీన్ని. పట్టు కాబట్టి జీడి గుర్తు పెట్టలేదు. కింద ఏమీ లేదు. వాళ్ళు వాళ్ళ గుర్తు కుట్టుకోలేదు. వాళ్ళకు తెలియదు కదా. నాకు తెలుసు కదా, నేనెందుకు ఆలోచించలేదు ఇన్నాళ్ళూ.

జూన్ 25, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర సరణ్య మాట్లాడింది. ఆ పిల్ల ఇన్ని రోజులూ ఫోను చూసుకుంటూ ఊరుకుంది. అందుకే నాకు అనుమానం, దానికి మండపం కావాలేమో, నా మీద కోపమేమో అని.

"అప్పా, కార్డులు అచ్చేసే ప్రెస్‌కి నేను ఫోన్ చేసి చెప్పేసినా. జనార్దనం గారి మనవరాలు, అంతే. నేను చేసుకోబోయే కార్తీకి మొదటి దినమే తెలుసు మనమెవరో. వాళ్ళమ్మకూ తెలుసు. సుమ్మా, ఊరికే నన్ను రెండు పేర్లతో తిప్పొద్దండి. నాకు ఉండేది ఒకటే పేరు."

"హాలు?" అన్నాడు గిరి.

"హాలు దొరికితే హాలు. లేదంటే రిజిస్టర్ ఆఫీసు, సాయంత్రం ఇంటి ముందర షామియానా. తాత నడపావడ పరస్తాడు, నేను నడస్తా. ఊరంతటికీ పరిచినాడు, నాకు పరచడా?"

గిరి పళ్ళెంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి "షామియానా నేను చూసుకుంటా, మాకు తెలిసినోడే" అన్నాడు. ఓడిపోయినవాడిలాగ అనలేదు. కాస్ట్యూము మార్చుకుని వచ్చినవాడిలాగ అన్నాడు.

నేను కనకవల్లి వైపు చూడలేదు. చూస్తే ఎర్ర చీర గుర్తొస్తుంది.

ముసలిది లేచింది. దండెం మీద మడిచి వేసిన జెండా తీసింది. పెట్టె తెరిచి అడుగున పెట్టి, దాని మీద తన ఎర్ర చీర పెట్టి, మూత వేసి, దాని మీద కూర్చుంది.

"ఏందవ్వా అది?" అంది సరణ్య.

"మన బట్టే గదా," అంది. "నన్ను ముందర గేట్లో రానీకపోతే పోయె. జెండా కావల్సినోళ్ళు మన ముందర వాకిట్లోకి రానీ. నేనూ చూస్తా, చెప్పులు యాడ ఇడస్తారో."

జూన్ 26, గురువారం

రేపు పొద్దున వాచ్‌మన్ చేత కబురు పంపి గోపాలస్వామిని బండి దగ్గరికి పిలుస్తాను. చెప్పాల్సింది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. కోపంలో నాకు మాట తప్పిపోతుంది, మూడు మాటలకు బదులు ముప్పై మాటలు వస్తాయి.

గోపాలస్వామీ. నువ్వు ఆలోచించమన్నావు, ఆలోచించాను. ముందు వరస కుర్చీ నాకు వద్దు. వెనక నిలబడి చూడటం నాకు అలవాటే. నీ మైకులో నా పేరూ వద్దు.

అన్న తోక కోసుకోలేదేమని నా కొడుకు అడిగాడు. జవాబు ఇప్పుడు తోచింది. ఆయన పేరు వాళ్ళ తాత ఓడ దగ్గర పెట్టింది. గుర్తు మాత్రం తన చేత్తో తాను పెట్టుకున్నాడు, జైల్లో, ఎవరూ అడగకుండా. రెండింట్లో ఏది ఆయనది అంటే నేను గుర్తు అంటాను. నువ్వూ అదే అన్నావు, గేటు మీద పెట్టావు. నువ్వు పెట్టింది ఏమిటో నీకు తెలియదు, అంతే. ఇప్పుడు తెలిసింది.

కాబట్టి రెండే దారులు. మా పిల్ల పెళ్ళికి మా పేరు మీద మండపం ఇవ్వు, ముందు గేటు తెరువు, ఆ గుర్తు చాకలి మునెప్ప ఇంటిదని అన్న మనవరాలి ముందు మైకులో చెప్పు. లేకపోతే నిచ్చెన వేయించి గేటు మీద నుంచి మా గుర్తు దించు. రసీదుల మీద నుంచి తీసెయ్. మీకు వేరే గుర్తు ఏదైనా గీసుకోండి. మండపం మీది, నేను కాదనను. గుర్తు మాది.

కమిటీ అనకు. చూద్దాం అనకు.

జెండా అడుగుతావు. మా పనికి ఒకటే కట్టుబాటు. బట్ట మీద ఎవరి గుర్తు ఉంటే బట్ట వాళ్ళ ఇంటికే చేరాలి. ముప్పై ఏళ్ళ కిందటి తువ్వాలు కూడా సముద్రం దాటి అలాగే వస్తోంది. మీ జెండా మీద మా గుర్తు ఉంది, కింద మీది లేదు. కాబట్టి అది చేరాల్సిన చోటే ఉంది. ఇస్త్రీ చేసి, మడిచి, పెట్టెలో.

ఆదివారం, 29వ తేదీ. విగ్రహానికి దండ పడే లోపల నాకు జవాబు కావాలి. నువ్వే రావాలి. చేతిలో ఏమున్నా లేకపోయినా ఫరవాలేదు. మా ఇంటికి వెనక వాకిలి లేదు.